అమ్మ వదిలిన చెనిక్కాయలు

పోయిన నెల హిందూపురంలో మా డాక్టరు నాకు బి-కాంప్లెక్స్ మాత్రలు రాసిచ్చాడు. అట్ట చించగానే పులిసిన పిండినీ తడిసిన గోనెపట్టానూ కలిపినట్టుండే ఒక వాసన వచ్చింది. దాన్ని నేను మొదటిసారి ఎరిగింది ఎనిమిదేళ్ళప్పుడు, పెనుకొండ ఆస్పత్రిలో, మా అమ్మ అరచేతి దగ్గర.

మాది పెనుకొండకు బండి మీద ఒక పూట ప్రయాణమున్న మెట్ట పల్లె. తొలకరిలో ఎర్రనేల మీద వేసిన వేరుశనగను, మా మాటలో చెనిక్కాయ చెట్లను, చలి మొదలయ్యేసరికి పీకేవాళ్ళు. మట్టి వాసన పోని పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టినవి, చలిమంటలో కాల్చి మసిచేతులతో వొలుచుకు తిన్నవి, రోట్లో మిరపకాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి, ఉగాదికి ఓళిగల్లో, అంటే బొబ్బట్లలో, బెల్లంతో దంచి పెట్టిన పొడి, ఇవే మా ఊళ్ళో పిల్లలకు రుతువులు. నాకంటే అమ్మకు ఆ కాయలంటే ఎక్కువ ప్రాణం. కొంగున ఎప్పుడూ పిడికెడు ఉండేవి.

ఒక ఏడు వానలు లేవు. చెనిక్కాయ చేలు ఎండాయి, రాగులు పొట్టకు రాకుండానే పోయాయి. నాయన గొర్రెల్ని తోలుకుని పచ్చిక వెతుక్కుంటూ నెలల తరబడి దూరం వెళ్ళిపోయాడు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను. ఎక్కడినుంచో బండ్ల మీద వచ్చిన జొన్నలే అందరికీ తిండి. పొద్దున రొట్టె, మాపటికి సంగటి, మళ్ళీ రొట్టె. మేక ఇచ్చే గిద్దెడు పాలు, కుండ అడుగున దాచిన నాలుగు చెనిక్కాయలు నాకూ అవ్వకూ పోగా, అమ్మ అందరి తర్వాత రొట్టె కారంలో అద్దుకుని తినేది.

మాఘమాసం వచ్చేసరికి అమ్మ మెడ చుట్టూ కంటె పెట్టుకున్నట్టు ఒక నల్లని పట్టె లేచింది. చేతులూ పాదాలూ తొడుగు వేసినట్టు నల్లబడి పగిలాయి. నాలుక ఎర్రగా పుండై కారం ముట్టలేకపోయింది. తిన్నది పొట్టలో నిలవక విరేచనాలయ్యేవి. చేస్తున్న పని మరిచిపోయి, ఊరకే కూర్చుని ఏడ్చేది. ఊళ్ళో అందరూ ఒకే మాట అనుకున్నారు, కుష్టు అని. ఎదుట మాత్రం ఎవరూ అనలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది బళ్ళో కాదు, మా ఊరి భజన గుడిలో. శనివారం పొద్దు వాలగానే దీపం పెట్టి సుబ్బన్న తాత పురాణం చదివి అర్థం చెప్పేవాడు, తర్వాత తాళాలు మోగేవి. అమ్మ గొంతు ఆడవాళ్ళందరి గొంతుల మీదుగా తేలేది. ఆ మాఘంలో ఒక శనివారం తాత నేల చూపులు చూస్తూ అన్నాడు.

“నాగమ్మా, కొన్నాళ్ళు బయట ఆ బండ మీద కూసోమ్మా. ఆడికీ ఇనపడతాది.”

అమ్మ లేచి వెళ్ళింది. ఆ వారమే అవ్వ ఆమె చాప మేకల కొట్టంలో పరిచింది. నన్ను ఆ గడప దాటనివ్వలేదు. నేను దూరంగా ముద్ద పెట్టి వస్తే, అమ్మ నేను వెనక్కి వచ్చాక లేచి తీసుకునేది.

అప్పుడు అమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది, మచ్చలు పోయేదాకా చెనిక్కాయలు, పాలు, మజ్జిగ ముట్టనని. ఇష్టమైనదే దేవుడికి ఇవ్వాలని మాకు నేర్పారు. అది తప్పని నేను ఈనాటికీ అనను.

నాయన తిరిగొచ్చేసరికి అమ్మ ఎముకలగూడై ఉంది. ఆ మర్నాడే బండి కట్టించాడు. పెనుకొండ డాక్టరు ఆమె రవిక రెక్క పైకి జరిపి చూశాడు. ఎండ తగలని చోట తోలు బాగానే ఉంది. మచ్చ మీద సూదితో పొడిస్తే అమ్మ చేయి లాక్కుంది.

“ఏం తింటావమ్మా?”

“జొన్న రొట్టె సామీ.”

“ఇంకా?”

“ఇంగేముంటాది సామీ. ఇంగొక జొన్న రొట్టె.”

ఆయన నవ్వలేదు. ఇది కుష్టు కాదనీ, ఎవరికీ అంటదనీ, జొన్నలొక్కటే తినేవాళ్ళకు ఒంట్లో ఒక విటమిను కరువై వస్తుందనీ నాయనకు చెప్పి, పది రోజులకు ఆ వాసన మాత్రలు అమ్మ అరచేతిలో పోశాడు. “ఇవి అయిపోయాక చెనిక్కాయలు తిను, పాలు తాగు. లేకపోతే మళ్ళీ వస్తుంది. అప్పుడు ప్రాణానికే మోసం.”

“మాత్రలు మింగుతా సామీ. చెనిక్కాయలు స్వామికిచ్చినా. మచ్చ పోతేనే తినేది.”

“తింటేనే మచ్చ పోయేది తల్లీ.”

తిరుగుదారిలో నాయన, “కదిరి చుట్టూ చెనిక్కాయ చేన్లే కదమ్మే. స్వామికి నీ కాయలే కావల్సొచ్చినాయా?” అన్నాడు. అమ్మ ముఖం తిప్పుకుంది.

అంటదని తెలిసినా అమ్మ కొట్టంలోనే ఉండిపోయింది. మాత్రలకు నాలుక కాస్త మానింది. అవి అయిపోయిన పక్షానికే మళ్ళీ ఎర్రబడింది. నాయన రెండు పొట్టేళ్ళను అమ్మి తెచ్చిన చెనిక్కాయల మూట కట్టు విప్పకుండానే మూలన ఉండిపోయింది. ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే సుబ్బన్న తాత దగ్గరికి పోయాను.

“తాతా, ఒకరి మొక్కు ఇంగొకరు మోయొచ్చునా?”

“ఎవురు మోసేది?”

“నేను.”

“నువ్వా? పోయినేడు నా చేన్లో దొంగతనంగా చెనిక్కాయ చెట్లు పీకింది నువ్వు కాదూ?”

“నేనే.”

ఆయన గడ్డం నిమురుకున్నాడు. “బిడ్డ మోస్తే తల్లి మోసినట్లే. పా,” అని కర్పూరం తీసుకుని నా వెంట వచ్చి, నెలల తరబడి ఊరివాళ్ళెవరూ అడుగు పెట్టని ఆ కొట్టంలో అమ్మకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. డాక్టరు చెప్పింది అంతా విన్నాడు. “నిన్ను బయట కూసోబెట్టింది నా తప్పే నాగమ్మా. స్వామి నన్ను అడిగితే నేను చెప్పుకుంటా. నువ్వు తిను,” అని కర్పూరం వెలిగించాడు. నేను మంట మీద చేయి చూపి, అమ్మ మచ్చలు పోయేదాకా చెనిక్కాయలు, పాలు, మజ్జిగ ముట్టనని మొక్కు నామీద వేసుకున్నాను.

అమ్మ తిన్నది. నాకు కనబడకుండా గోడవైపు తిరిగి, చప్పుడు లేకుండా నమిలేది. నేను బయట నిలబడి ఆమె వీపు చూసేదాన్ని. మెల్లగా నల్లతోలు పొరలుగా రాలి, కింద లేత రంగు తేలింది. మరుసటి ఫాల్గుణానికి నాయన, అమ్మ, నేను ముగ్గురం కదిరి తేరుకు నడిచిపోయి మొక్కు తీర్చుకున్నాం. తిరిగొచ్చిన శనివారమే తాత ఆమెను భజన గుడి లోపలికి పిలిచాడు. అమ్మ వచ్చింది, గడప పక్కన కూర్చుంది, పాడలేదు.

ఆ భజన గుడి పడిపోయింది. జొన్న రొట్టె ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ళు అడిగి కొనుక్కునే తిండి. అటువంటి మెడను మా డాక్టరు పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదట. నా తల్లిని స్వామే బాగుచేశాడని నా నమ్మకం. ఆ కాయను ఆ నేలలో పండించింది ఆయనే గనుక.

కానీ చివరి రోజుల్లో హిందూపురంలో మా ఇంట్లో, ఒక్క మచ్చా లేని ఒంటితో మంచాన ఉన్న అమ్మ పక్కన నేను కూర్చున్నప్పుడల్లా, ఆమె ఉన్న శక్తి అంతా కూడగట్టుకుని గోడవైపు జరిగేది.

“ఆడ కూసో పాపా,” అనేది. “నీకూ తగుల్తాది.”