రొట్టెల మూట, ఎర్ర బోర్డు

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మితే మీ ఆరోగ్యానికి మంచిది. పిల్లి కనబడితే పులి వచ్చిందని ఇల్లంతా లేపే మనిషిని. అయినా మొన్న శంషాబాద్ విమానాశ్రయం బయట మా తమ్ముడి కోసం నిలబడి ఉండగా, పక్కన ఒక అవ్వ స్టీలు క్యారియర్ మూత తీసింది. అంతే, ఎల్లిపాయ కారం వాసన నన్ను మెడ పట్టుకుని లాక్కెళ్లి వనజ మేడమ్ ముందు కూర్చోబెట్టింది.

విమానాశ్రయం వచ్చిన కొత్తలో, అక్కడికి పోయే రోడ్డు మీద ఒక హోటల్లో మార్కెటింగ్ ఉద్యోగిగా చేరాను. వనజ మేడమ్ మేనేజరు. పుట్టి పెరిగింది శంషాబాద్‌లోనే. అంతకుముందు చాలా ఏళ్లు జిల్లాలు తిరిగి ఒక కంపెనీ సబ్బులు అమ్మించిన మనిషి. ఆమె కళ్లద్దాల మీదుగా చూసిందంటే లిఫ్టు కూడా మధ్యలో ఆగిపోయేది. హోటలేమో ఖాళీ. ఎంత ఖాళీ అంటే, కింద నేను తుమ్మితే మూడో అంతస్తు ‘చిరంజీవ’ అనేది. దసరాలోగా నిండకపోతే గోదాముకు కిరాయికి ఇచ్చేస్తానని యజమాని తేల్చేశాడు. అంటే వంటవాళ్లు మొదలు నా దాకా అందరి ఉద్యోగాలూ పోయినట్టే. వ్యూహం తర్వాత, ముందు మన పరిస్థితి ఏమిటో విశ్లేషించి పట్టుకురమ్మంది మేడమ్.

ఏసీ గదిలోంచి కదలకుండా వారం కూర్చుని పెళ్లి భోజనం లాంటి నివేదిక వండాను. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు, రంగురంగుల బొమ్మలు. మేడమ్ మొత్తం తిరగేసింది.

“దీంట్ల మనిషేడి, రావు సాబ్?”

“ఉన్నారండీ, పదకొండో పేజీలో. శాతాల్లో.”

“శాతాలొచ్చి మన హోటల్ల పండుకుంటయా? విమానం దిగిన సూటుబూటోళ్లంత సీదా సిటీకి పోతున్నరు. మరి ఈడ ఆగేటోళ్లెవ్వరు? లే, పోదాం.”

ఆమె స్కూటరు వెనక కూర్చున్న ఆ సాయంత్రమే నాకు దైవభక్తి అబ్బింది. విమానాశ్రయం బయట జీపుల్లోంచి ఊళ్లకు ఊళ్లే దిగుతున్నాయి. దుబాయి పోయేది ఒక్కడు. సాగనంపడానికి తల్లి, అత్త, మేనమామ, ఆయన బావమరిది, ఆ బావమరిది ఇంటిపక్కవాళ్లు. విమానం తెల్లవారుజామున. లోపలికి టికెట్టున్నవాడినే పంపుతారు కాబట్టి అప్పటిదాకా అందరూ గట్ల మీదే. ఒక పెద్దావిడ కొడుక్కి జొన్నరొట్టె తుంచి పెడుతోంది. మేడమ్ చీర సర్దుకుని ఆమె పక్కనే కింద కూలబడింది.

“ఏ ఊరక్కా? ఏదన్న హోటల్ల కూసుండకపోయిండ్రా?”

“ఆర్మూరు దిక్కు, చెల్లె. గా రోడ్డు మీది హోటలుకు పోయినం. బయటి తిండి తేవద్దని ఎర్రగ బోర్డు పెట్టిండ్రు. పిల్లగాడు మల్ల రెండేండ్లకు గాని రాడు. నా చేతి రొట్టె పారేసి, వాళ్ల పప్పు తినిపియ్యాల్నా?”

ఆ బోర్డు మాదే. పైగా నా నివేదికలో అది ‘బలాలు’ కింద మొదటి వరుసలో ఉంది.

“ఇగ చెప్పు రావు సాబ్, గా బోర్డు బలమా?” అంది మేడమ్. నా బూట్లను నేను అంత శ్రద్ధగా ఎన్నడూ చూసుకోలేదు.

మర్నాడు బోర్డు దించాం. వాడుకలో లేని విందు హాల్లో చాపలు పరిచాం, స్నానాలకు వేడినీళ్లు పెట్టాం, క్యారియర్లు తెచ్చుకోవచ్చని కొత్త బోర్డు రాయించాం. హాలుకు కొద్దిపాటి కిరాయి. టీలు మా వంటింటి నుంచే పోయేవి. నెమ్మదిగా ముసలివాళ్లు నడుం వాల్చడానికి గదులు అడగసాగారు. దసరా ముందు గోదాము వ్యాపారి టేపు పట్టుకుని కొలతలకు వచ్చాడు. టేపు ఎక్కడ పరుద్దామన్నా అక్కడ ఎవరో భోంచేస్తున్నారు. ఒక అవ్వ అతన్నీ కూర్చోబెట్టి రొట్టె పెట్టింది. తిని, టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. యజమాని మళ్లీ గోదాము ఊసెత్తలేదు. ఆ సాయంత్రం మేడమ్ నా భుజం తట్టి, “శభాష్ రావు సాబ్, నా అంతటోనివైనవ్” అంది.

కొంత కోసేసి నమ్మమని ముందే చెప్పాను కదా. గోదాము వ్యాపారి రొట్టె తిన్నది నిజం. స్కూటరూ నిజమే. నేను కల్పించింది ఆ శభాష్. ఆ రోజు ఆమె హాలంతా ఒకసారి కలియజూసి అన్నది ఇదీ: “ఈళ్లు లోపల కూసున్నరు, మంచిదే. ఈళ్లను తెచ్చిన జీపు డ్రైవర్లు ఏడ పండుకుంటున్నరో జర చూసిరా, పో.”

అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఆమె దగ్గర పనిచేసినన్నాళ్లూ ఆ శభాష్ రానేలేదు. కానీ ఆ “చూసిరా, పో” మాత్రం ఇన్నేళ్లుగా నన్ను కుర్చీలోంచి లేపి నాకింత కూడు పెడుతోంది.

మొన్న కూడా అంతే. తమ్ముడి విమానం ఆలస్యం. నా మోకాళ్లు ఊరంతా వినబడేలా అరుస్తున్నా, క్యారియర్ తెరిచిన అవ్వ పక్కన కింద కూలబడ్డాను.

“ఏ ఊరవ్వా?”