ఉండాల్సిన వేలికి లేని సిరా

ఆ రోజుల్లో ఎన్నికల డ్యూటీ పడిందంటే మా ఆఫీసులో సగంమందికి జ్వరాలు వచ్చేవి. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. రెండు వేల తొమ్మిది నాటి మాట. తాడేపల్లిగూడెంలో గుమాస్తాగా చేరి ఏడాదయింది, పెళ్ళి కాలేదు, దేశం నా భుజాల మీదే నిలబడిందని గట్టి నమ్మకం. కొల్లేటి లంకలో ఓటర్ల వేళ్ళకి సిరా పూసే పని అప్పజెప్పారు. నా ఓటేమో గూడెంలో. అందుకని పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు. అది సైన్యంలో ఉన్నవాళ్ళకీ, మాలా డ్యూటీ పడినవాళ్ళకీ, ముందుజాగ్రత్తగా నిర్బంధించినవాళ్ళకీ ఇస్తారు (మమ్మల్ని ఎవరి సరసన కూర్చోబెట్టారో చూశారా!). సొంత పనిమీద ఊరెళ్ళినవాళ్ళకి ఇవ్వరు. ఓటు కాగితం చిన్న కవర్లో, పై అధికారి ధ్రువీకరించిన డిక్లరేషను దానికి బయట, రెండూ కలిపి పెద్ద కవర్లో పెట్టాలి. అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి. నావి నేను అంటించుకోవడమే కాదు, పక్కవాళ్ళ తప్పులు కూడా దిద్దాను.

పోలింగు అయిన మర్నాడే వట్లూరులో పెళ్ళిచూపులు పెట్టాడు మా బాబాయి, ఎలాగూ దారిలోనేగా అని. పిల్ల తండ్రి రిటైరైన హెడ్మాస్టరు. గుమ్మంలోనే బాబాయి నా చెవిలో, "ఓటెయ్యనివాడికి పిల్లనివ్వనన్నార్రా ఆయన, జాగ్రత్త" అన్నాడు. నాకేం భయం? నలిగిన చొక్కాతో, డ్యూటీ సంచీతో, దర్జాగా వెళ్ళి కూర్చున్నాను.

ఆయన జీతం అడగలేదు. "ఏవండీ, ఓటేశారా?" అన్నారు. వేశానండి అన్నాను. చేతులు చూపించమన్నారు. చాపాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"కుడిచేతి వేళ్ళన్నిటికీ ఉంది. ఉండాల్సిన వేలికి లేదేవండీ?"

అప్పుడు నేనిచ్చిన ఉపన్యాసం నాకిప్పటికీ గుర్తే. పోస్టులో ఓటేసేవాళ్ళకి సిరా ఉండదని, కవర్లలో కవర్లని విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మా పెద్దల్లుడిది హైదరాబాదులో ఉద్యోగం. ఆయనకివ్వరాండీ?" అన్నారు.

"ఇవ్వరండి. వచ్చి వెయ్యాల్సిందే."

"అదే నేనూ చెప్పాను. బస్సెక్కి వచ్చి వేసెళ్ళాడు. మీరు పోస్టు చేసేశారన్నమాట?"

"వారం కిందటేనండి. ఇదిగో నా డ్యూటీ ఆర్డరు" అని సంచీలోంచి లాగాను. ఆర్డరుతో పాటు తువ్వాలు వచ్చింది, ఖాళీ టిఫిను డబ్బా వచ్చింది, వెనకే రెండు లావుపాటి కవర్లు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడ్డాయి.

నిజంగానే పోస్టు చేశాననుకున్నాను, నమ్మండి. సిగ్గుతో చచ్చిపోయాను. బాబాయి పైకప్పు చూస్తున్నాడు. కాఫీ తెస్తున్న పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన కవర్ల మీది అడ్రసు మొదటినుంచి చివరిదాకా చదివి, "లెక్కింపు ఇంకా కాలేదుగా?" అన్నారు.

"చాలా రోజులుందండి. అది మొదలయ్యేలోపు చేరితే చెల్లుతుంది."

"అయితే లేవండి. కాఫీ తరవాత తాగుదురుగాని."

స్కూటరు మీద ఆయన వెనక కవర్లు పొట్టకి కరుచుకుని ఏలూరు వెళ్ళాను. పోస్టాఫీసు దగ్గర డబ్బాలోకి కవర్లు జారేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు. తిరిగొచ్చేసరికి కాఫీ చల్లారిపోయింది. పిల్ల ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "వేశారాండీ?" మీ నాన్నగారి ఎదురుగానే వేశానన్నాను. నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైందని నా అనుమానం (ఆవిడ ఒప్పుకోదు).

మొన్నటి ఎన్నికలకి మా మావగారికి ఎనభై అయిదు దాటాయి. మోకాళ్ళు సహకరించడం లేదు. నేను ఉత్సాహంగా పోస్టల్ బ్యాలెట్ ఫారం పట్టుకెళ్ళి, "ఇప్పుడు మీక్కూడా అర్హత వచ్చిందండీ మావయ్యగారూ. గడప దాటక్కర్లేదు. ఉద్యోగులే ఇంటికొచ్చి, ఓటేయించి, కవరు తీసుకెళతారు" అన్నాను.

ఆయన ఫారం అంతా చదివి నా చేతికిచ్చేశారు.

"వాళ్ళూ సంచీతోనే వస్తారుగా అల్లుడుగారూ?"

లోపల మా ఆవిడ నవ్వు వినిపించింది. ఒకప్పుడు నేనే అయిన ఆ సంచీ కుర్రాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుకున్నాను. పోలింగు రోజున ఆయన చెయ్యి పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ, పోలింగ్ బూత్ దాకా నడిపించుకెళ్ళాను.