సదానందం వ్యానూ నల్లపొగా

రియాద్‌లో సదానందం నడిపే డీజిల్ వ్యానుకు ఇరవై రెండేళ్లు. ఎవరైనా దాని వయసు అడిగితే మాత్రం పెళ్లికూతురి మేనమామలా రెండేళ్లు తగ్గించే చెప్పేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి అతను ఈ దేశం వచ్చి పందొమ్మిదేళ్లయితే, అందులో పద్నాలుగేళ్లు ఈ వ్యానుతోనే గడిచాయి. పొద్దున్నే క్యాంపులోని పనివాళ్లను సైటుకు చేర్చడం, సాయంత్రం వెనక్కి తేవడం, శుక్రవారం వాళ్లందరినీ బతా బజారులో దింపి ఓ చాయ్ తాగడం. వ్యాను తలుపు పడాలంటే మోకాలితో ఓ పోటు పొడవాలి, మూడో గేరు పడాలంటే కాస్త బతిమాలాలి. ఈ మర్మాలు అతనికి తప్ప ఇంకెవరికీ తెలియవు.

అంతటి విశ్వాసం గల వ్యాను ఆ ఏడు ఎండలు ముదిరేసరికి నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. ఫ్లైఓవర్ ఎక్కితే చాలు, వెనకొచ్చే కార్లు కనిపించేవి కావు.

“సదానందమన్నా, వ్యాను నడుపుతున్నవా, ఇటుకబట్టి నడుపుతున్నవా?” అని లోపలివాళ్లు ఒకటే నవ్వు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఏడాదికోసారి బండికి చేసే సర్కారు తనిఖీని అక్కడ ఫహస్ అంటారు. అందులో పొగ దగ్గరే వ్యాను తప్పింది. మళ్లీ చూపించడానికి వారం గడువిచ్చారు. అసలే, స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలన్న నితాఖత్ లెక్కల్లో కంపెనీ తక్కువపడి పసుపురంగులో ఉంది. పైగా పరాయిదేశపు పనివాడు ఒక్కొక్కడికీ సర్కారుకు లెవీ పన్ను కట్టాలి. ఎవరిని పంపేద్దామా అని ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, చూస్తూనే ఉన్నాడు. పాపం, ఆయన కోపంగా ఏమీ చెప్పలేదు. వ్యాను పాసైతే సరే, లేదంటే వ్యాను తుక్కుకు, సదానందానికి ఖురూజ్ అన్నాడు. ఖురూజ్ అంటే వీసా రద్దుచేసి ఇంటికి పంపేయడం, ఇక తిరిగిరాని ప్రయాణం.

సదానందం చిన్నబిడ్డ ప్రేమలత అప్పుడు నర్సింగు ఆఖరి సంవత్సరంలో ఉంది. ఇంకొక్క ఏడాది ఇక్కడ ఉండనిస్తే చాలు, తర్వాత తానే మూట సర్దుకుంటానని అతని ఆలోచన. ఆ ఏడాదికే ఇప్పుడు పొగ అడ్డం వచ్చింది.

వర్క్‌షాపు మేస్త్రి ఖలందర్‌ది కడప. పొగ చూడగానే పెదవి విరిచాడు.

“పిస్టన్ రింగులు పోయినాయి మామా. ఇంజను దించాల్సిందే.”

ఇంజను దించాలన్న మాట చెవిన పడితే చాలు, ముదీర్ వ్యానును ఆ రోజే తుక్కుకు తోలిస్తాడు. సదానందానికి ప్రాణం మీదికి వచ్చినట్లయింది.

“జర ఆగు ఖలందర్ బాయ్! రింగులు పోతే ఆయిల్ కాలాలె, పొగ నీలంగ రావాలె. గిది బొగ్గు లెక్క నల్లగున్నది. ఆయిల్ జూడు, చుక్క తగ్గలే.”

ఖలందర్ ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నిజంగానే తగ్గలేదు. తెల్లపొగ అసలే లేదు, రేడియేటర్‌లో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నల్లపొగంటే డీజిల్ పడుతోంది కానీ అది పూర్తిగా కాలడం లేదని. ఇంజెక్టర్లు విప్పి పరీక్ష చేస్తే చక్కగా చిమ్ముతున్నాయి. ఇక మిగిలింది గాలి. సదానందమే గాలిడబ్బా మూత తీసి కొత్త ఫిల్టరు వేశాడు. అదే పొగ. అసలు ఫిల్టరే తీసేసి మూత పెట్టాడు. అయినా అదే పొగ! ఇద్దరూ బుర్రలు గోక్కున్నారు.

చివరికి ఖలందర్ మూత మీంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాన్నే ఊడబీకి, యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. పొగ లేదు. గొట్టం మళ్లీ తగిలించాడు. భగ్గుమని నల్లపొగ!

“బయటి గాలి పీలిస్తే బాగుండాది. డబ్బాలోంచి పీలిస్తేనే ఊపిరాడడంలా. ఫిల్టరుకీ గొట్టానికీ నడుమ ఏముంది మామా?”

“ఏముంటది? మూతనే...” అంటూనే సదానందం మూత మీద చెయ్యి వేశాడు. అతనికి వెలిగింది.

మూడేళ్ల కింద సెలవు మీద వెళ్లి వస్తున్నప్పుడు, భార్య దేవవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కి ఓ ముడుపు కట్టింది. పసుపుగుడ్డలో గుప్పెడు బియ్యం, నిమ్మకాయంత మూట. “నీ పని కాడనే ఉంచుకో” అని చేతిలో పెట్టింది. పరాయిదేశంలో పదిమందికీ కనబడేలా అద్దం ముందు వేలాడదీయడానికి సదానందానికి ధైర్యం చాలలేదు. దేవుడి మూటకు దుమ్ము తగలకూడదని, వ్యాను మొత్తంలో శుభ్రమైన గాలి ఆడే చోటు వెతికి, ఫిల్టరు మూత లోపలి పక్కన దారంతో కట్టాడు. ఫిల్టరు మార్చిన ప్రతిసారీ కళ్లకద్దుకునేవాడు. ఇందాకా అద్దుకున్నాడు. మూడు వేసవుల వేడికి ఆ దారం వదులైంది. ఇంజను గట్టిగా గాలి పీల్చినప్పుడల్లా ముడుపు వెళ్లి గొట్టం మూతిలో బిరడాలా కూర్చుంటోంది. ఇంజను ఆపగానే ఏమీ ఎరగనట్టు దిగి వేలాడుతోంది. దేవుణ్ణి అనుమానించాలని ఎవరికి తడుతుంది?

మూత తీసి సదానందం పక్కకు జరిగాడు. మొక్కు తీరకముందే ముడుపును ఎలా తెంపడం? ఖలందర్ అర్థం చేసుకున్నాడు. వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొని వచ్చి, దారం కోసి, మూటను రెండు చేతులతో అందించాడు.

“మాయమ్మ కూడా దర్గా కాడ ఇట్లాంటిదే కట్టింటాది మామా. మొక్కు మంచిదే. కాకుంటే ఇంజను ముక్కులో పెట్టకూడదబ్బా!”

సదానందానికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

మూడోనాడు ఫహస్‌లో వ్యాను పెళ్లికొడుకులా నడిచింది, పాసైంది. ముదీర్ కాగితం చూసి తలూపి, పంపేయాల్సినవాళ్ల జాబితాలోంచి అతని పేరు కొట్టేశాడు. ఆ సాయంత్రమే సదానందం దేవవ్వకు ఫోన్ చేసి కథంతా చెప్పాడు. ఆమె పడీపడీ నవ్వింది.

“బండి మంచిగుండాలెనని నువ్వు గట్టిన ముడుపే బండిని ఆపిందే!” అన్నాడు సదానందం.

“బండి కోసం ఎవలు గట్టిండ్రు? నువ్వు జల్ది ఇంటికి రావాలెనని గట్టిన” అంది దేవవ్వ. “అంజన్న తన పని తను జేసిండు. నువ్వే అడ్డంబడ్డవ్.”

మూడేళ్లుగా ఆమె మనసులో ఉన్నది ఇదని సదానందానికి అప్పుడు తెలిసింది. మూటను ఆమె కోసం కొన్న చీర మడతలో పెట్టాననీ, ప్రేమలత చదువు కాగానే ఇద్దరం కొండ మీదికి పోయి విప్పుదామనీ, ఒక్క ఏడాది ఆగమనీ చెప్పాడు.

“ఏడాదే” అంది దేవవ్వ. “ఒక్క దినం దాటినా ఇంకోటి గట్టి పంపుత. తీస్కపోయి అండ్లనే పెట్టు.”