గుట్ట దారిలో తీజ్

భూపాలపల్లి దగ్గరి ఒక ఊళ్లో ఈ ఉదయం బస్సు దిగానో లేదో, తడి గోధుమ నారు వాసన గుప్పుమంది. ఎవరింటి ముందో ఆడపిల్లలు మా లంబాడీల తీజ్ పండుగ బుట్టలకు నీళ్లు చల్లుతున్నారు. బొగ్గు గని కోసం ఊరు ఖాళీ చేయమంటున్నారట, వచ్చి మాట్లాడమని నన్ను పిలిచారు. నేనేమో వచ్చిన పని మరిచి అక్కడే నిలబడిపోయాను. కమలక్క ఇప్పుడు లేదు. ఉంటే నాకన్నా ముందు ఆ బుట్టల దగ్గరికి పరుగెత్తేది.

కమలక్కది జనగామ. చెరువులూ గుట్టలూ కాపాడతానని ఎన్నికల్లో నిలబడి, ప్రతిసారీ ఓడి, మర్నాడే నవ్వుతూ ఊళ్లు తిరిగే మనిషి. నాకింకా పెళ్లికాని రోజుల్లో, గార్ల దగ్గర మా తండా వెనకున్న గుట్టను గ్రానైట్ కోసం తవ్వబోతున్నారని వినగానే బస్సెక్కి వచ్చేసింది. ఆ గుట్ట మీద పడ్డ వానే మా చెరువుకు నీరు. ఆ చెరువే మాకు అన్నం. మా అన్నలు అప్పటికే రాళ్లు పోగేశారు. నేనూ వాళ్లవైపే.

"మనం ఒక్క రాయి ఇసిరినమనుకో, రేపు పేపర్ల గా రాయే కనబడతది. గుట్ట కనబడది," అంది కమలక్క.

"మరి ఊకె చూసుకుంట కూసోమంటవా అక్కా?" అని ఎగిరిపడ్డాను. "కూసోమనే అంటున్న, గుట్ట తవ్వె మిషన్‌కు అడ్డంగ ధర్నా," అంది.

మిషన్ వచ్చే రోజే తీజ్ ఆఖరి రోజు. పెళ్లికాని ఆడపిల్లలం తొమ్మిది రోజులు బుట్టల్లో పెంచిన నారును ఊరేగింపుగా తీసుకెళ్లి చెరువులో కలపాలి. పండుగ ఉంది, ధర్నాకు రాలేమని చెబితే ఆవిడ చప్పట్లు కొట్టింది. "పండుగ ఎందుకు ఆపుతరు? జర తొవ్వ మార్చుండ్రి. గుట్ట తొవ్వల నుంచి పోండ్రి!" ఆ రాళ్ల దారిలో బుట్ట కిందపడితే అరిష్టమని తండా అంతా గొణిగింది. చివరికి తండా నాయక్, మా పెద్దబాపు, తేల్చేశాడు: "గుట్ట పోతే చెరువు యాడుంటది? చెరువు లేకుంటే తీజ్ యాడ కలుపుతరు? నడువుండ్రి."

నడిచాం! నెత్తిన బుట్టలు, నోట పాట, ఎదురుగా పసుపుపచ్చ మిషన్. నిజం చెప్పొద్దూ, అంత సంబరం నాకు నా పెళ్లిలో కూడా లేదు. దారి నిండా కూర్చున్నాం. మిషన్ ఆగింది. కమలక్క ఒక్కతే వెళ్లి డ్రైవర్‌కు చెంబుతో నీళ్లందించింది. "నీ పేరేంది తమ్మీ?" అని అడిగింది. అతనూ మహబూబాబాద్ వైపు తండావాడే. బుట్టల వైపు చూసి చెప్పులు విప్పి కిందికి దిగాడు. "మా చెల్లె గూడ ఇయ్యాల్నే తీజ్ కలుపుతదక్కా. నేనెట్ల తోల్త?" అన్నాడు.

మేం కేకలు, ఈలలు! కమలక్క మాత్రం కసిరింది. "అరుసుడు ఆపుండ్రి. గాయన కొలువు పోతది, అది సూడరేంది?" అప్పటికప్పుడు అతని వెంట యజమాని దగ్గరికి వెళ్లి, అడ్డం కూర్చున్నది మేమేననీ అతని తప్పు లేదనీ వాదించింది. అయినా కొలువు పోయింది. మళ్లీ పని దొరికేదాకా అతని ఇంటికి మా తండా నుంచి బియ్యం వెళ్లాయి. గ్రామసభ మీద గ్రామసభ పెట్టి, తవ్వొద్దని తీర్మానించి గుట్టనూ దక్కించుకున్నాం.

మధ్యాహ్నం ఇక్కడి పిల్లలు నన్ను చుట్టుముట్టారు. "మిషన్లు వస్తే ఏం జేద్దాం అక్కా?" అని ఒకటే ఉరకలు. నాకూ కాళ్లు నిలవడం లేదు. అయినా ముందు అడగాల్సింది అడిగాను: "దాన్ని తోలెటాయన ఇంట్ల పొయ్యి ఆరకుంట సూస్తరా? సూస్తమంటేనే నేను మీతోని కూసుంట."