గొల్యాతు మోకాలు

నిన్న మ్యూజియంలో గాజుపెట్టెలోని గోధుమరంగు ఎముకను చూడగానే నా నాలుక చివర జివ్వుమంది.

నా ఎనిమిదో ఏట, సండేస్కూలు పిల్లలమంతా మంజీరా ఒడ్డుకు వెళ్లినప్పుడు, ఇసుకలో నాకు అలాంటిదే దొరికింది. అంత పెద్ద మోకాలు బైబిల్లోని మహాకాయుడు గొల్యాతుదే అని ఊరంతా చాటాను. ఆదివారం చర్చిలో అందరికీ చూపించి పేరు కొట్టేయాలని నా ఆరాటం. అవ్వ మాత్రం ముందు మా పక్కనున్న చిద్రిలో మటన్ దుకాణం నడిపే రత్నయ్య మామకు చూపమంది.

మామ దాన్ని కత్తి వెనకవైపుతో కొట్టి చూశాడు. తర్వాత నాలుక చాపి ఆనించాడు. ఎముక నాలుకకు అతుక్కుంది. నన్నూ ఆనించమన్నాడు; నా నాలుక చివరకూ అతుక్కుంది.

"ఉత్త రాయైతే అంటదు బిడ్డా. ఇది బొక్కనే, మస్తు పాతది. గానీ మనిషిది కాదు, బర్రెది."

"గొల్యాతు బర్రెదా మామా?" అన్నాను, ఆశ చావక.

"గొల్యాతుకు బర్రెలుండెనో లేదో పాస్టరయ్యను అడుగు."

అడిగే ధైర్యం లేక ఎముకను ఇంట్లో పడేశాను. మడమలు రుద్దుకోవడానికి అంత మంచి గరుకు ఎక్కడా దొరకదని అవ్వ దాన్ని స్నానాల గదిలో పెట్టుకుంది.

గాజుపెట్టె కింద చీటీ చదివాను: వేల ఏళ్లనాటి అడవిబర్రె మోకాలు. మామ మాటే నిజం. మా అవ్వ మాత్రం ఆ వేల ఏళ్లనూ తన రెండు మడమలకే అరగదీసింది.