గుండు మాస్టారి ఎర్రజెండా

తలనిండా ఒత్తైన జుట్టున్నా ఆయన అందరికీ గుండు మాస్టారే. డ్రిల్లు మాస్టారుగా చేసినన్నాళ్లూ పిల్లల చేత ఇనుప గుండు విసిరించాడు. విసిరించాడంటే ఆయన ఒప్పుకోడు.

"విసరడం కాదురా, నెట్టడం. షాట్‌పుట్‌లో 'పుట్' అంటే నెట్టమనే. వెనకటికి స్కాట్లాండులో రాళ్లు నెట్టి బలం తేల్చుకునేవాళ్లు. గోల్ఫ్‌లో బంతిని మెల్లగా గుంటలోకి నెట్టే 'పట్' కూడా ఆ మాటకి చెల్లెలే," అని ఏటా కొత్త పిల్లలకు అదే పురాణం విప్పేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట నిజమే.

ఆ పురాణం అందరికంటే బాగా వంటబట్టింది ఆయన కూతురికి. మెడకు ఆనించిన గుండును ఆమె నెట్టిందంటే చూసేవాళ్లు నోరు తెరిచేవారు. పెద్ద పోటీలకు ఎంపిక జరిగే రోజున, రావలసిన జడ్జి రాకపోవడంతో, తప్పు జరిగితే ఎత్తే ఎర్రజెండా మాస్టారి చేతికిచ్చారు. కూతురి ఆటకు తండ్రి జడ్జీ ఏమిటని ఎవరో గొణిగారు. ఆ గొణుగుడు ఆయన చెవిన పడనే పడింది.

ఆఖరి వంతులో ఆమె గుండు అందరినీ దాటి పడింది. కానీ చెయ్యి భుజం వెనక్కి జారింది. నెట్టలేదు, విసిరింది. ఆయన జెండా ఎత్తేశాడు. మైదానమంతా ఆయన నిజాయితీని మెచ్చుకుంది. ఆయన ఛాతీ కూడా కాస్త పొంగింది, పాపిష్టి ఛాతీ.

భుజంలో కండరం తెగిందని ఆ సాయంత్రం డాక్టరు చెప్పాడు. ఆ పిల్ల మళ్లీ గుండు ముట్టలేదు. అంతకుముందు వారమంతా ఇంట్లో నొప్పుల మందు వాసన వస్తూనే ఉంది. పోటీ అయ్యాక చూద్దాంలే అని ఆయన ఊరుకున్నాడు. జెండా ఎత్తినందుకు ఆయనకు ఇప్పటికీ బాధ లేదు. ఆ వారం నోరు విప్పనందుకే కుమిలిపోతాడు.

ఇప్పుడు కూతురు గోల్ఫ్ మైదానంలో కొత్తవాళ్లకు పట్ నేర్పుతోంది. మొన్న ఆయన తొలిసారి అక్కడికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ఒక పెద్దావిడ బంతిని ఠపీమని కొట్టింది.

"కొట్టకండి, నెట్టండి," అంది కూతురు, అచ్చం తండ్రిలాగే. అంతలోనే ఆవిడ దగ్గరికి వెళ్లి, "మోచెయ్యి ఏమైనా నొప్పిగా ఉందా ఆంటీ? ఉంటే చెప్పండి, ఇవాళ్టికి ఆపేద్దాం," అంది.

పాఠం అయ్యాక కూతురు వచ్చి మాస్టారి పక్కన కూర్చుంది.

"ఆ వారం నేను నిన్ను అడగాల్సింది తల్లీ."

"అడుగుతావని రోజూ చూశాను నాన్నా," అంది ఆమె.