వెనక అద్దం మీద గీతలు

ఇవాళ పొద్దున గుడ్‌గావ్‌లో ఒకటే పొగమంచు. కారెక్కి మీట నొక్కగానే వెనక అద్దం మీది ఆవిరి చారలు చారలుగా విడిపోయింది. అంతే, బండి కదపకుండా దిగి, వెనక్కి వెళ్ళి చూసొచ్చాను. ఇన్నేళ్ళయినా అది చూస్తే నాకింతే. సుబేదార్ గారు గుర్తొస్తారు.

ఆయనది మా విజయనగరం వైపు. సైన్యంలో బండ్లు బాగుచేసి రిటైరై, ఢిల్లీలో మునిర్కా పక్కన రేకుల షెడ్డు పెట్టుకున్నారు. నేను కలెక్టరునైపోదామని ఢిల్లీ వచ్చి, కటవారియా సరాయ్ గదిలో పుస్తకాలు నమిలి, ఉన్న అవకాశాలన్నీ తగలేసి, ఇరవై ఎనిమిదో ఏట ఆయన దగ్గర పానా పట్టినవాణ్ణి. "పరీక్ష పోతే పోయింది. సేతులున్నాయి కదా, రా" అని చేర్చుకున్నారు. పని నేర్పిందీ, మనిషిగా నిలబెట్టిందీ ఆయనే.

ఎనభైల్లో ఒక చలికాలం ఓ విదేశీ కారు వచ్చింది. వెనక అద్దానికి లోపల అంటించిన నల్ల ఫిలిం తీసెయ్యాలి. తీశాను. కింద సన్నటి గోధుమరంగు చారలు కనిపించాయి. జిగురు మరకలనుకున్నాను. బ్లేడు పెట్టి ఒక్కటి మిగలకుండా గీకి, అద్దం తళతళలాడుతుంటే నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ మధ్యాహ్నం సుబేదార్ గారు మరో కారు అద్దం దగ్గరికి పిలిచారు.

"ఈ గీతలు సూడు. వెండి కలిపిన పూతరా ఇది. మీట నొక్కితే బ్యాటరీ కరెంటు ఈటెంట పారతాది. గీత వేడెక్కితే అద్దం ఎచ్చబడతాది, ఆవిరి ఎగిరిపోద్ది. ఒక గీత తెగితే అక్కడే మసక మిగిలిపోద్ది."

"అన్నీ తెగితే?" అని అడిగాను.

"అన్నీ ఎందుకు తెగుతాయిరా, ఎవడో ఎదవ గీకితే తప్ప!" అని పకపకా నవ్వారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అలాంటి అద్దం ఈ దేశంలో దొరుకుతుందా? కలెక్టరు గిరీ ఎలాగూ పోయింది, ఈ పనీ పోతే ఇంటికి ఏ మొహం పెట్టుకు వెళ్ళను? సాయంత్రం ఆయన "ఆ కారు అద్దం బాగున్నట్టేనా?" అని అడిగితే, సిగ్గులేకుండా "ఠీక్ హై సార్" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కారు వెనక్కి తియ్యాలి. చెయ్యి చాస్తే చెయ్యి కనపడని మంచు. మీట నొక్కాను, ఏదో దేవుడు కరుణిస్తాడన్నట్టు. అద్దం తెల్లగానే ఉంది. తల బయటపెట్టి చూస్తే గుట్టు రట్టవుతుందని అదీ చెయ్యలేదు. వెనక నుంచి "ఆనే దో, రా, రా" అంటున్నారాయన. అద్దం ఈపాటికి విడిపోయి ఉంటుంది, వీడికి కనిపిస్తున్నాను అన్న నమ్మకంతో వెనక చక్రానికి దగ్గరగానే నిలబడ్డారు.

కేక వినిపించాక గానీ బ్రేకు తొక్కలేదు.

పాదం ఎముకలు నుజ్జయ్యాయి. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పేశాను. కొడతారనుకున్నాను, తిడతారనుకున్నాను. ఆయన నావైపు ఆశ్చర్యంగా చూసి, మెల్లగా అన్నారు:

"నిన్ననే సెప్పుంటే పక్కకి నిలబడేవోణ్ణి కదరా."

 నన్ను పనిలోంచి తియ్యలేదు. పోయేదాకా కుంటుతూనే నడిచారు.

ఇప్పుడు నాకూ ఒక వర్క్‌షాపు ఉంది. నా చేతిలో ఏది పాడైనా, చేతికంటిన గ్రీజు కూడా తుడుచుకోకుండా వెళ్ళి బండిగల మనిషికి చెప్పేస్తాను. జనం నిజాయితీపరుడంటారు. నాకది భయం. ఆ కేక మళ్ళీ వినే శక్తి నాకు లేదు.